వెనక సీట్లో డ్రైవరు

ఆ రోజు భద్రాచలం నుంచి ఖమ్మం వస్తున్నాను. పాల్వంచ దాటాక బస్సు ముందు అద్దం మీద చిన్న చిన్న దోమలు తిరుగుతున్నట్టు కనిపించాయి. చెయ్యి ఊపాను, పోలేదు. వైపర్ వేశాను. నడి ఎండాకాలం, ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కండక్టర్ విజయమ్మ టికెట్లు కొట్టడం ఆపి నా వైపు చూసింది.

"ఏందన్నా, ఎండల వైపర్ ఏస్తున్నవ్?"

"దోమలు గదా."

"ఏడున్నయ్ దోమలు? నాకైతే ఒక్కటి కనబడ్తలేదు."

ముందు సీట్లలో కూర్చున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నా జబ్బు అలా నవ్వులాటగానే మొదలైంది.

నా పేరు చందర్. మాది ఏన్కూరు దగ్గర ఒక తండా. ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడిపాను. అందులో ఎక్కువ కాలం ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే బస్సే. మా తండాలో చందర్లు ముగ్గురున్నారు. ఒకాయన మేకల చందర్, ఇంకొకాయన పొట్టి చందర్, నేను డ్రైవర్ చందర్. చిన్నప్పటి నుంచీ దూరపు చూపు తక్కువ, అద్దాలున్నాయి. అవి పెట్టుకుంటే కిలోమీటరు దూరంలో చెయ్యెత్తినవాళ్లు కూడా నాకు కనిపించేవాళ్లు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటుంటే ఎడమ కంటి మూల నుంచి ఎవరో ఫొటో తీసినట్టు తళుక్కుమంది. తల తిప్పి చూస్తే ఎవరూ లేరు. నా భార్య కమల వేడి చేసిందంది. మా అమ్మను మేం యాడీ అని పిలుస్తాం. యాడి నా తలకు ఆముదం పెట్టింది. నేను మందుల షాపులో చెప్పి కంటి చుక్కలు తెచ్చుకున్నాను. దోమలు తగ్గలేదు గానీ అలవాటయ్యాయి.

కొన్ని రోజుల తర్వాత పొద్దున స్నానం చేస్తుంటే కుడి కంట్లో సబ్బు పడింది. అది గట్టిగా మూసుకుని, ఎడమ కంటితో చెంబు కోసం వెతికాను. పైన తడికె కనిపిస్తోంది, తడికె మీద తువ్వాలు కనిపిస్తోంది, కింద బకెట్టు మాత్రం లేదు. నల్లటి నీరు కింది నుంచి సగం దాకా నిండినట్టుంది. చెయ్యి పెట్టి తడిమితే బకెట్టు అక్కడే ఉంది. ఒళ్లంతా సబ్బుతోనే కమలను కేకేశాను.

"కమలా, నా ఎడమ కన్ను సగం పోయింది!"

"పొద్దుగాల్నే ఏం మాటలవి?" అంటూ వచ్చింది. నా ముఖం చూసింది. తువ్వాలు అందించింది.

ఖమ్మంలో కంటి డాక్టర్ దగ్గరికి పోయాం. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశారు. తర్వాత నుదుటికి లైటు కట్టుకుని, కన్నంతా పైకి కిందికి తిప్పించి చూశారు. కంటి లోపలిది కనిపించే బి-స్కాన్ తీశారు. డాక్టర్ గారు కుర్చీ నా దగ్గరికి జరుపుకొన్నారు.

"కన్ను లోపల గోడకు అతుక్కుని రెటీనా అనే పొర ఉంటుంది. సున్నం పెచ్చు లేచినట్టు మీకది పైనుంచి లేచింది. రెటీనల్ డిటాచ్‌మెంట్ అంటాం. మధ్య భాగానికి కూడా పాకింది. మందులతో పోయేది కాదు, ఆపరేషనే. ఇవాళే హైదరాబాద్ బయల్దేరండి."

"రేపు డ్యూటీ ఉంది సార్."

"డ్యూటీ చెయ్యడానికే చెబుతున్నా, పోండి."

నా జీవితంలో బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంత దూరం పోయింది అదే మొదటిసారి. డ్రైవర్ ఎక్కడ గేరు మార్చాలో నేను లోపల్లోపల చెబుతూనే ఉన్నాను.

హైదరాబాద్‌లో రెటీనా చూసే మేడమ్ విట్రెక్టమీ చెయ్యాలన్నారు. కంటి లోపలి జిగురు తీసేసి, పొరను సర్ది, లేజర్‌తో అతికించి, అది కదలకుండా సిలికాన్ ఆయిల్ నింపుతారట. మత్తు కంటికి మాత్రమే ఇచ్చారు. మాటలన్నీ వినబడుతున్నాయి. భయానికి నేను ఒకటే మాట్లాడుతున్నాను. ఘాట్ రోడ్డు గురించి, వానాకాలంలో వాగుల గురించి, ఏదేదో.

"మీరు డ్రైవరు కదా చందర్ గారూ?" అన్నారు మేడమ్.

"అవ్ మేడమ్."

"ఇప్పుడు స్టీరింగ్ నా చేతిలో ఉంది. డ్రైవర్‌తో మాట్లాడరాదని మీ బస్సులో బోర్డు ఉంటుందిగా?"

నోరు మూసుకున్నాను. పక్కనున్న సిస్టర్లు నవ్వడం వినిపించింది.

ఆపరేషన్ కంటే ఆ తర్వాతదే పెద్ద పని. బోర్లా పడుకోవాలి. తిండికీ బాత్రూముకూ తప్ప తల ఎత్తకూడదు. నూనె పైకి తేలి పొరను ఒత్తిపట్టాలంటే ముఖం నేలను చూడాలట. తండాలో మంచం చివర తల వేలాడేసి, నుదుటి కింద దిండు పెట్టుకుని పడుకున్నాను. టీ అయినా, గంజి అయినా స్ట్రాతోనే. నాకు కనిపించేదల్లా మా ఇంటి సిమెంటు నేల, దాని మీద చీమలు.

చుట్టాలు చూడ్డానికి వచ్చేవాళ్లు. నాకు వాళ్ల కాళ్లే కనిపించేవి. రెండు మూడు రోజుల్లో కాళ్లను బట్టి మనుషుల్ని చెప్పడం వచ్చేసింది. మేకల చందర్‌ది బొటనవేలు పక్కకు తిరిగి ఉంటుంది. యాడి కడియాలు సరే, ఎవరికైనా తెలుస్తాయి. ఒక రోజు ఎవరో వచ్చి మాట్లాడకుండా నిలబడ్డారు, నన్ను పరీక్ష చెయ్యడానికి.

"విజయమ్మా, ఆ చెప్పు తెగేటట్టుంది, కుట్టించుకో" అన్నాను.

ఇల్లంతా నవ్వు. విజయమ్మ ఏం చేసిందంటే, చీర కొంగు నడుముకు చుట్టి, నేల మీద వెల్లకిలా పడుకుని నా ముఖం కిందికి జరిగింది. "ఇప్పుడు చెప్పన్నా, ఎట్లున్నవ్?" అంది. అలాగే పడుకుని డిపో ముచ్చట్లన్నీ చెప్పింది. ఎవరు ఏ రూటుకు మారారు, ఎవరి కూతురి పెళ్లి, ఏ బస్సు ఎక్కడ ఆగిపోయింది. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లలో నా ముఖం చూసి మాట్లాడింది ఆమె ఒక్కతే.

కమల కాళ్లు కూడా అప్పుడే చూశాను. మడమలు పగుళ్లు బారి ఉన్నాయి. చేను పనికి పోయి వచ్చి, అవే కాళ్లతో నా చుట్టూ తిరిగేది. మందు రాసుకోమని చెప్పాను.

"నీ కన్ను సంగతి నువ్వు జూస్కో. నా కాళ్లకు కండ్లు మంచిగనే ఉన్నయ్" అంది.

మొదటి చెకప్‌లో పొర అతుక్కుందన్నారు. సంతోషంగా ఇంటికి వచ్చాం. వానలు మొదలయ్యాక ఒక రోజు ఆ నల్లటి నీడ మళ్లీ కనిపించింది, ఈసారి పక్క నుంచి. కుడి కన్ను మూసుకుని మళ్లీ చూశాను, నీడ పోలేదు. ఆ తర్వాత కమలకు చెప్పాను. మళ్లీ హైదరాబాద్. లోపల మచ్చ కట్టి పొరను లాగిందని, పీవీఆర్ అంటారని మేడమ్ చెప్పారు. రెండో ఆపరేషన్. మళ్లీ బోర్లా. ఈసారి కంట్లో ప్రెషర్ పెరిగి తల పగిలిపోయే నొప్పి, వాంతులు. చుక్కలు పెంచారు, మాత్రలిచ్చారు. నొప్పి తగ్గడానికి వారం పట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ల కాళ్లు ఎవరివో చెప్పే ఓపిక అప్పుడు నాకు లేదు.

అంతా అయ్యాక మేడమ్ నా ఎదురుగా చెయ్యి ఊపారు.

"కనిపిస్తోందా?"

"ఊపుతున్నరని తెలుస్తుంది మేడమ్. చేతి ఏళ్లు కనబడ్తలేవు."

"పొర నిలబడింది. చూపు మాత్రం ఇంతకంటే పెద్దగా రాకపోవచ్చు. మీకు అబద్ధం చెప్పను. కుడి కంట్లో కూడా పొర పలచబడ్డ చోట్లు కనిపించాయి, వాటికి ముందుజాగ్రత్తగా లేజర్ చేద్దాం. ఆ కన్ను బాగుంది, దాన్ని కాపాడుకుందాం."

"బస్సు మేడమ్?"

"అంతమందిని ఎక్కించుకుని నడపడానికి రెండు కళ్లూ కావాలి చందర్ గారూ" అన్నారు.

మెడికల్ బోర్డు వాళ్లు కూడా అదే చెప్పారు. హెవీ వెహికల్‌కు అన్‌ఫిట్, వేరే పని ఇస్తారు, దరఖాస్తు పెట్టుకోండి అన్నారు. నేను పెట్టుకోలేదు. ఖాకీ బట్టలు మడతపెట్టి పెట్టెలో అడుగున వేశాను. తండా నుంచి మెయిన్ రోడ్డుకు పోవడం మానేశాను. గాలి ఇటు మళ్లినప్పుడు రోడ్డు మీద బస్సు హారన్ వినిపించేది. ఆ చప్పుడు వింటే ఇంట్లోకి పోయేవాణ్ని. డ్రైవర్ కాకపోతే నేనేం చందర్‌ని? నా పేరుకు ముందు ఇప్పుడు జనం ఏం తగిలిస్తారు? ఇదే నా ఆలోచన. యాడితో ఆ మాట అంటే ఆమె వక్క కొరుకుతూ, "నిన్ను కన్నప్పుడు నీ చేతిల స్టీరింగ్ లేదురా. ఉత్త చందర్‌వే పుట్టినవ్" అంది.

ఒక కంటితో బతకడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. దూరం అంచనా తప్పుతుంది. చెంబుతో నీళ్లు గ్లాసులో పోస్తే పక్కన పడేవి.

"భూమికి దూప అయితుందా?" అని నేలకే దాహమేసినట్టు అడిగేది కమల.

ఎవరైనా చెయ్యి కలపబోతే నా చెయ్యి గాలిలో ఆగిపోయేది. ఎడమ వైపు నుంచి వచ్చే మనిషి నాకు తగిలాకే తెలిసేవాడు. హాస్పిటల్‌లో ఒక అమ్మాయి నన్ను కూర్చోబెట్టి చిట్కాలు చెప్పింది. చెంబు మూతిని గ్లాసు అంచుకు ఆనించి పొయ్యాలి. మెట్టు దిగేటప్పుడు ముందు పాదంతో తడమాలి. మలుపు దగ్గర కంటిని కాదు, మొత్తం తలనే ఎడమకు తిప్పాలి. "మీ మెదడు నేర్చుకుంటుంది అంకుల్, కొన్ని నెలలు టైమివ్వండి. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దు" అంది.

ఆ బండితోనే చిక్కు వచ్చింది. మా తండాకు ఆటోలు తక్కువ. నా మోటార్ సైకిల్ మూలన పడింది. చుక్కల మందు కావాలన్నా, సంతకు పోవాలన్నా ఎవర్నో బతిమాలాలి. ఇంట్లో ఒక స్కూటీ ఉంది. హాస్టల్లో చదివే మా అమ్మాయిది, సెలవుల్లో నడుపుతుంది. ఒక పొద్దున కమల దాని తాళం తెచ్చి నా ముందు పెట్టింది.

"నేర్పియ్యి."

"నీకా? మోటార్ సైకిల్ ఎనక కూసుంటేనే నా అంగి పట్టుకొని చింపుతవ్."

"అవ్, చింపుత. అందుకే ముందు కూసుంట."

మిర్చి అమ్మేశాక కళ్లం ఖాళీగా ఉంది. నేల చదునుగా, గట్టిగా ఉంటుంది. అక్కడ మొదలుపెట్టాం. కమల స్కూటీ మీద, నేను పక్కన పరుగు. "బ్రేక్! బ్రేక్! ఎటు పోతున్నవే!" అని నేను అరిచే అరుపులకు చేలలో కూలీలంతా ఇటే చూసేవాళ్లు. కమల బండి ఆపి దిగింది.

"గిట్ల ఒర్లితే నాకు రాదు. నీ బస్సుల పాసింజర్లు గిట్ల ఒర్లితే నువ్వు నడిపినవా? ఎనక కూసో. నోరు మూసుకొని కూసో."

ఎక్కి కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆమె వెనక కూర్చోవడం అదే మొదలు. బండి కదిలింది. నా కుడి కాలు దానంతటదే ఫుట్‌రెస్టును నొక్కేస్తోంది.

"ఎనక బ్రేక్ లేదు, కాలు తియ్యి" అంది ముందు నుంచి.

ఆమెకు గుంతలంటే భయం. కళ్లం అంచున చిన్న గుంత ఒకటి ఉండేది. ఎంత దూరం నుంచి వచ్చినా బండి సరిగ్గా అందులోకే పోయేది. రెండుసార్లు ఇద్దరం పక్కనున్న పత్తి కట్టెల కుప్పలో పడ్డాం. మూడోసారి లేచి దుమ్ము దులుపుకుంటూ చెప్పాను.

"కమలా, నువ్వు గుంతనే జూస్తున్నవ్. మనం ఏడ జూస్తే బండి ఆడికే పోతది. గుంత ఉందని తెల్సుకో, సూపు మాత్రం పోవాల్సిన తొవ్వ మీద పెట్టు. కొత్త డ్రైవర్లకు నేను ముందు చెప్పేది గిదే."

ఆమె హ్యాండిల్ పట్టుకుని నా వైపు తిరిగింది. జుట్టులో పత్తి పుల్లలున్నాయి.

"మరి నువ్వేం జూస్తున్నవ్ ఇన్ని నెలల సంది? పోయిన కన్నునే గదా?"

ఆమె కోపంగా అనలేదు, అడిగిందంతే. బండి స్టార్ట్ చేసి, "ఎక్కు" అంది. ఎక్కాను. ఆ చుట్టులో గుంత పక్క నుంచి పోయింది. ఇద్దరం కేకలు పెట్టాం. చేలో కూలీలు చప్పట్లు కొట్టారు.

మరుసటి రోజు దరఖాస్తు రాశాను. కొన్నాళ్లకు ఖమ్మం బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్‌లో పని ఇచ్చారు. మైకులో బస్సుల రాకపోకలు చెప్పాలి. మొదటి రోజు మైకు ముందు కూర్చున్నాను. నేను నడిపిన బస్సే వచ్చి ప్లాట్‌ఫాం మీద ఆగింది. డ్రైవర్ సీట్లో వేరే మనిషి. "భద్రాచలం…" అని దగ్గు వచ్చి ఆపేశాను. కిందికి దిగిన విజయమ్మ కౌంటర్ వైపు చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఇనబడ్తలేదన్నా, గట్టిగ!" అని అరిచింది.

గట్టిగానే చెప్పాను. "ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోవు బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది." అక్కడితో ఆపాలి. కానీ ఆ దారి నాకు కళ్ల ముందు కదిలింది. "జూలూరుపాడు దాటినంక మలుపులున్నయ్, వాంతులు అయ్యేటోళ్లు ముందు సీట్లల్ల కూసోండ్రి" అని కలిపాను. బస్టాండంతా నవ్వింది. పిల్లను చంకనేసుకున్న ఒకామె నిజంగానే వెనక సీటు నుంచి లేచి ముందుకు వచ్చింది. మా మేనేజర్ కౌంటర్ దగ్గరికి వస్తే తిడతారేమో అనుకున్నాను. "పొద్దున ట్రిప్పుకు కూడా చెప్పండి" అని పోయారు.

ఇప్పుడు రోజూ చెబుతున్నాను. వానాకాలంలో ఏ వాగు పొంగిందో, ఏ బస్సు చుట్టూ తిరిగి పోతుందో చెబుతాను. అడవి ఊళ్ల నుంచి వచ్చే కోయవాళ్లతో ఆ దారిలో నేర్చుకున్న నాలుగు కోయ మాటలు మాట్లాడతాను. తప్పులు పోతే వాళ్లే దిద్దుతారు. బస్సు నడిపినప్పుడు ఎక్కినవాళ్ల ముఖాలు నాకు తెలియవు, అద్దంలో చూడ్డమే. ఇప్పుడు ఎదురుగా నిలబడి అడుగుతారు. ఈ పని నాకు నచ్చుతుందని ఏనాడూ అనుకోలేదు.

కమలకు లైసెన్స్ వచ్చింది. పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంటే కాలు కింద పెట్టకుండా తిప్పింది. ఆమె స్కూటీ మీద ఏన్కూరు సంతకు పోవడం చూసి మా తండా ఆశా వర్కర్ సుజాత మా ఇంటికి వచ్చింది.

"అన్నా, నాగ్గూడ నేర్పుతవా? కాన్పు కేసులకు జల్దీ పోవాలంటే ఎవరో ఒకరి బండి కోసం సూడాల్సొస్తుంది."

"నేర్పుత. కానీ నేను ఎనక కూసోను. కమల కూసుంటది. నేను కళ్లం మధ్యల నిలబడి చెప్త."

సుజాత తర్వాత అంగన్‌వాడీ టీచర్, ఆమె తర్వాత పక్క తండా నుంచి ఇద్దరు కోడళ్లు. ఆదివారం వస్తే మా కళ్లం నిండుతోంది. చుట్టూ నిలబడి చూసేవాళ్లకు కమల ముందుగా చెప్పే మాట, అరవొద్దని. అది నన్ను చూసే చెబుతుంది. ఒకరోజు చిన్నపిల్లలు, "డ్రైవింగ్ సార్ వచ్చిండు" అని పరిగెత్తుకుంటూ వచ్చారు. ఎవర్ని అంటున్నారా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

సిలికాన్ ఆయిల్ తీసేశారు. ఎడమ కంటికి వెలుగు, కదలికే తెలుస్తాయి. కుడి కన్ను బాగుంది. కొన్ని నెలలకోసారి చెకప్‌కు పోతాను. ఇంటి నుంచి రోడ్డు దాకా కమల దింపుతుంది. నా కాలు ఇప్పటికీ ఫుట్‌రెస్టును నొక్కుతూనే ఉంటుంది. బస్సు మీద బెంగ పోయిందని చెప్పను. అడవి దారిలో ఇప్పపూల వాసన వచ్చే రోజుల్లో బస్సు నడపాలని చేతులు లాగుతాయి. ఆ రోజు మైకులో భద్రాచలం బస్సు గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, అంతే.

చదివే మీకు ఒకటే చెబుతాను. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కన్ను చేసే తప్పును ఇంకో కన్ను కప్పేస్తుంది, మనకు తెలియదు. నెలకోసారి ఒక్కో కన్ను అరచేత్తో మూసుకుని, ఎదురుగా గోడ మీది క్యాలెండర్ చూడండి. నీడ గానీ, కొత్తగా నల్లచుక్కలు గానీ, మెరుపులు గానీ కనిపిస్తే చుక్కల మందు కోసం షాపుకు పోవద్దు. అదే రోజు రెటీనా చూసే డాక్టర్ దగ్గరికి పోండి. దూరపు చూపు అద్దాలున్నవాళ్లు మరీ జాగ్రత్త.

మా ఇంట్లో నెలకో ఆదివారం అందర్నీ గోడ ముందు నిలబెట్టి ఈ పరీక్ష నేనే చేస్తాను. కమలది అయిపోతుంది, సెలవుల్లో ఉంటే అమ్మాయిది అయిపోతుంది. యాడితోనే కష్టం. ఒక కన్ను మూయమంటే రెండూ మూసుకుని, "ఏం కనబడ్తలేదురా చందర్, నన్ను గూడ హైదరాబాద్ తోల్కపో, ఎన్నడూ జూడలే" అంటుంది.